తిరుపతిలో మంచి కాఫీ ఎక్కడ, ఏ వేళకు

తిరుపతిలో కాఫీకి కొదవ లేదు. రైల్వే స్టేషన్ బయటికొచ్చి గోవిందరాజస్వామి గుడి వైపు నాలుగడుగులు వేస్తే చాలు, ఏదో ఒక కౌంటరు నుంచి డికాషన్ వాసన తగులుతుంది. అయినా ఊళ్లో మంచి కాఫీ ఎక్కడ అని అడిగేవాళ్లకు ఒక్క పేరు చెప్పి ఊరుకుంటే సగం జవాబే చెప్పినట్టు. తెల్లవారుజామున 5 గంటలకు కమ్మగా ఉన్న కాఫీయే అదే అంగట్లో 11 దాటాక తాగితే గొంతు పట్టుకుంటుంది. మాస్టరు అతనే, పొడి అదే, పాలు అవే. డికాషన్ దింపి ఎంతసేపయిందన్నది ఒక్కటే తేడా. అంగడితో పాటు వేళ కూడా చెప్పుకుంటేనే ఈ ఊరి కాఫీ సంగతి సరిగా చెప్పుకున్నట్టు.

హోటల్లో డికాషన్ ఎలా దింపుతారో తెలిస్తే ఇదంతా సులువుగా అర్థమవుతుంది. పెద్ద ఫిల్టరులోనో, బాయిలర్ పక్కన కట్టిన గుడ్డ సంచిలోనో పొడి వేసి సలసల కాగిన నీళ్లు పోస్తారు. పొడి తన బరువుకు దాదాపు రెండింతల నీళ్లు తనలోనే పట్టి ఉంచుకుంటుంది. అంటే 1 కిలో పొడికి 5 లీటర్ల నీళ్లు పోస్తే కిందికి దిగేది సుమారు 3 లీటర్లు. గ్లాసుకు 25 మిల్లీలీటర్ల లెక్కన 120 గ్లాసులు. రైళ్లు, బస్సులు దిగే రద్దీలో ఆ 120 గ్లాసులు చూస్తుండగానే అయిపోతాయి, మళ్లీ కొత్త పొడి పడుతుంది. రద్దీ తగ్గాక అదే డికాషన్ వేడినీళ్ల తొట్టిలో మధ్యాహ్నం దాకా కూర్చుంటుంది. వేడి మీద ఉన్నకొద్దీ కాఫీలోని ఆమ్లాలు విడిపోయి క్వినిక్ ఆమ్లం పెరుగుతుంది. తాగిన తర్వాత నాలుక వెనక పట్టుకుని వదలని పులుపు, చేదు దాని పుణ్యమే. ఎంత చక్కెర వేసినా అది పోదు.

ఇంకో సంగతి రెండో డికాషన్. ఒకసారి దిగిన పిప్పి మీద మళ్లీ నీళ్లు పోసి తీసే పలచటి డికాషన్ అది. దాన్ని మొదటిదానిలో కొద్దిగా కలపడం అన్నిచోట్లా ఉన్నదే, తప్పు పట్టాల్సిన పని లేదు. కానీ మధ్యాహ్నం వేళ గ్లాసంతా రెండో డికాషనే అయితే రంగు ఉంటుంది, వాసన ఉండదు. అలాంటి వేళ 'స్ట్రాంగ్' అని అడగడం పొరపాటు. స్ట్రాంగ్ అంటే మాస్టరు ఇంకో పాతిక మిల్లీలీటర్లు అదే పాత డికాషన్ పోస్తాడు, చేదు రెట్టింపవుతుంది. 'కొత్త డికాషన్ ఎప్పుడు దించుతారన్నా?' అని నేరుగా అడగండి. రోజూ ఆ పనిలో ఉన్న మాస్టరు దాచడు, 'పది నిమిషాలు ఆగండి సార్' అనే అంటాడు. ఆ పది నిమిషాలు ఆగడం లాభం.

స్టేషన్, బస్టాండ్ చుట్టుపక్కల నుంచి మొదలుపెడదాం. స్టేషన్ ఎదురుగా విష్ణునివాసం, బస్టాండ్ ఎదురుగా శ్రీనివాసం అనే టీటీడీ వసతి గృహాలు ఉన్నాయి కాబట్టి ఇక్కడ జనం రాత్రీపగలూ కదులుతూనే ఉంటారు. ఈ ప్రాంతానికి నా ఓటు తెల్లవారుజామున 4 నుంచి 7 లోపు, మళ్లీ సాయంత్రం 4 నుంచి 6 లోపు. జి కార్ స్ట్రీట్‌లోని భీమాస్ లాంటి పాత శాకాహార హోటళ్ల వరసకు వెళ్లేవాళ్లు టిఫిన్ వేళ కూర్చుని తాగండి. ఇడ్లీ, పొంగలి ప్లేట్లు జోరుగా తిరిగే గంటలో కాఫీ కూడా జోరుగా తిరుగుతుంది, డికాషన్‌కు పాతబడే తీరిక ఉండదు. రేణిగుంట రోడ్డులో మినర్వా కాఫీ షాప్ లాంటి ఏసీ హోటళ్లకూ ఇదే సూత్రం. అక్కడ చల్లగా, నింపాదిగా కూర్చోవచ్చు. గ్లాసు మంచిదో కాదో చెప్పేది మాత్రం ఆ గంటలో ఎన్ని టేబుళ్లు నిండాయన్నదే.

తోపుడు బండ్లు, చిన్న టీ అంగళ్ల దగ్గర ముందు చూడాల్సింది అక్కడ ఫిల్టర్ ఉందా, ఇన్‌స్టంట్ పొడా అన్నది. కుళాయి ఉన్న డికాషన్ డబ్బా కనబడకుండా, పాలగిన్నె పక్కన సాచెట్ల దండో పొడి డబ్బానో ఉంటే అది ఇన్‌స్టంట్. అందులో తక్కువ ఏమీ లేదు. మన జిల్లాలోనే వరదయ్యపాళెం మండలం కువ్వకొల్లిలో సీసీఎల్ అనే కంపెనీ వాళ్ల ఇన్‌స్టంట్ కాఫీ ఫ్యాక్టరీ ఉంది. వేళతో పనిలేనిది కూడా ఇదొక్కటే, ఏ గంటకు కలిపినా అదే రుచి. దానికి కావాల్సింది అప్పుడే పొంగిన పాలు. ఫిల్టర్ కాఫీ అని బోర్డు రాసి సాచెట్ చింపడం మాత్రం ఒప్పుకోవాల్సిన పని కాదు.

కౌంటరు దగ్గర నిలబడి మాస్టరు చేతులు గమనించండి. గ్లాసులో ముందు డికాషన్, తర్వాత పాలు, ఆపైన డబరాలోకి, అంటే గ్లాసుతో పాటు ఇచ్చే వెడల్పాటి గిన్నెలోకి, మూరెడు ఎత్తు నుంచి ఒంపి మళ్లీ గ్లాసులోకి. ఇది కలపడానికీ, చల్లార్చడానికీ కూడా. రెండు మూడుసార్లు ఒంపితే నోరు కాలే వేడి తగ్గి గుక్క వేసుకునే వేడికి వస్తుంది, నురగ కూడా కట్టుకుంటుంది. ఆ నురగ సన్నగా, దగ్గరగా ఉండి కొంతసేపు నిలిస్తే పాలు బాగున్నట్టే. సబ్బు నురగలా పెద్ద పెద్ద బుడగలు లేచి వెంటనే పగిలిపోతే చాలావరకు పాలలో నీళ్లు పడ్డట్టు. రంగు కాస్త ఎరుపు కలిసిన ఇటుక ఛాయలో ఉండాలి. బూడిద ఛాయ కనబడితే డికాషన్ చాలలేదు. పాలు ఎన్ని పోసినా నల్లగానే ఉంటే చికోరీ, అంటే కాఫీపొడిలో కలిపే వేయించిన వేరు పొడి, ఎక్కువైంది. తాగాక గ్లాసు అడుగున బురదలా పేరుకుంటే పొడి మరీ మెత్తగా పట్టారన్నమాట, లేదా గుడ్డ సంచి నేత సాగిపోయింది.

ఆ గుడ్డ సంచి మీద ఇంకో మాట చెప్పాలి. కాఫీలో నూనె ఉంటుంది, అది గుడ్డకు పడుతుంది. సంచిని రోజూ వేడినీళ్లలో ఉడికించి ఉతక్కపోతే ఆ నూనె ముక్కిపోయి, పాత వేరుశనగల వాసన డికాషన్‌కు ఎక్కుతుంది. సబ్బు పెట్టి ఉతికినా ఇబ్బందే, సబ్బు వాసన పోదు. పొద్దున్నే మొదటి గ్లాసులోనే ముక్కిన వాసన వస్తే కారణం పొడి కాదు, సంచి. అలాంటి అంగట్లో ఏ వేళకు వెళ్లినా లాభం లేదు.

పాల విషయంలో ఈ ప్రాంతం అదృష్టం చేసుకుంది. చిత్తూరు, తిరుపతి పల్లెల్లో జెర్సీ, హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవులు ఎక్కువ, ఆవుపాల సేకరణ బాగా నడుస్తుంది. 2014లో మొదలైన శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీ తిరుపతి కేంద్రంగానే పనిచేస్తోంది, అందులో సభ్యులంతా ఆడవాళ్లే. ఫిల్టర్ కాఫీకి ఆవుపాలు బాగా కుదురుతాయి, డికాషన్ వాసనను మింగెయ్యవు. ప్యాకెట్ పాలయితే వెన్న 4.5 శాతం ఉండే స్టాండర్డైజ్డ్ పాలు సరిపోతాయి. 6 శాతం ఫుల్ క్రీమ్ పాలతో కాఫీ పాయసంలా బరువవుతుంది, దానికి తగ్గట్టు డికాషన్ పెంచాలి. 3 శాతం టోన్డ్ పాలతో నీళ్లగా ఉంటుంది. పెద్ద గిన్నెలో పాలు చిన్న మంట మీద గంటలకొద్దీ కాగుతుంటే రంగు మారి కోవా వాసన వస్తుంది. ఆ రుచి ఇష్టపడేవాళ్లూ ఉన్నారు, కాదనను. కాఫీ రుచి మాత్రం దాని కింద అణిగిపోతుంది.

చక్కెర తగ్గించుకున్నవాళ్లు టోకెన్ తీసుకోకముందే ఒక మాట కనుక్కోవాలి. రద్దీ కౌంటర్లలో కొందరు చక్కెరను పాలగిన్నెలోనే కలిపేస్తారు. అక్కడ 'షుగర్ లేకుండా' అంటే విడిగా పాలు ఉంటే ఇస్తారు, లేకపోతే లేదు. చక్కెర గ్లాసు అడుగున వేసే చోట కలపకుండా తాగితే సరి. పేపర్ కప్పు వద్దని, స్టీలు గ్లాసే కావాలని అడగండి. పేపర్ కప్పులో లోపలి పూత వాసన, తడిసిన అట్ట వాసన కాఫీతో పాటు వస్తాయి. పైగా డబరా లేకపోతే ఒంపుకోవడానికి వీలుండదు.

ఇక కాఫీ పొడి అంగళ్లు. నిజం చెప్పాలంటే పాత ఊళ్లో, గాంధీ రోడ్డు చుట్టుపక్కల గింజలు అక్కడికక్కడే పట్టి ఇచ్చే అంగళ్ల మీదే నాకు ఎక్కువ మక్కువ. గది అద్దెకు తీసుకుని చదువుకునేవాళ్లూ, కాపురాలు ఉన్నవాళ్లూ హోటళ్ల వెంట తిరగడం కన్నా ఇక్కడ సరిగ్గా కొనడం నేర్చుకుంటే చాలు. అడగాల్సిన తీరు ఇది: పీబెర్రీ (కాయలో ఒక్కటే ఉండే గుండ్రటి గింజ), ప్లాంటేషన్ ఏ (పెద్ద సైజు అరబికా గింజ) చెరిసగం, దానికి 20 శాతం చికోరీ, ఫిల్టర్‌కు పట్టండి. ఇంకొంచెం చిక్కదనం, రంగు కావాలంటే 30 శాతం చికోరీ. 40 దాటితే అది కాఫీ రుచి కాదు. చట్టం ప్రకారం కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ప్యాకెట్ మీద రెండింటి పాళ్లూ రాయాలి. ప్యాకెట్ పొడి కొనేవాళ్లు వెనక వైపు ఆ అంకె చూడకుండా కొనొద్దు. చికోరీ ఎక్కువ వేస్తే అంగడికి లాభం, ఎందుకంటే అది కాఫీ కన్నా చవక, నీళ్లలో కాఫీ కన్నా ఎక్కువగా దిగుతుంది. అందుకే గ్లాసు నల్లబడుతుంది, మత్తు వదలదు.

విడిగా కొన్న పొడిలో అనుమానం ఉంటే గ్లాసుడు చన్నీళ్ల మీద చిటికెడు చల్లండి. కాఫీ పైన తేలుతుంది, చికోరీ వెంటనే గోధుమరంగు చారలు వదులుతూ అడుక్కి దిగుతుంది. పాళ్లు ఎంతో తేలదు గానీ, 'ప్యూర్' అని అమ్మినదాంట్లో చారలు కనబడితే నిలదీయవచ్చు.

మిల్లు ముందు నిలబడినప్పుడు ఒకటి చూసుకోవాలి. మీకన్నా ముందువాళ్లు 40 శాతం చికోరీ పట్టించుకుని ఉంటే ఆ పొడి కొంత మిల్లులోనే మిగిలి ఉంటుంది. మీ గింజల్లో మొదటి గుప్పెడు పట్టాక ఆ పొడి పక్కన పెట్టమనండి. పట్టిన పొడి వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనంతోనే ప్లాస్టిక్ కవరులో సీలు వేయిస్తే లోపల చెమ్మ పడుతుంది, పొడి వదిలే గ్యాస్‌కు కవరు ఉబ్బుతుంది. పావుగంట కాగితంలో ఆరనిచ్చి డబ్బాలో వేయించుకోండి. ఒకసారికి 100 నుంచి 200 గ్రాములే కొనండి, రెండు వారాల్లో అయిపోవాలి. అర కిలో తీసుకుంటే ధర తగ్గిస్తామన్నా వద్దు.

అరకు అరబికా దొరికితే దానికి చికోరీ 10 శాతం చాలు, లేకపోయినా ఫర్వాలేదు. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన రకం అది. పులుపు, పండు వాసన ఉన్న ఆ గింజను చికోరీతో ముంచేస్తే డబ్బు దండగ. అయితే రోబస్టా అనే ఘాటు రకం గింజ కలిసిన కాఫీకి అలవాటు పడ్డ నాలుకకు మొదట్లో తేలికగా తోస్తుంది.

కొన్న పొడిని ఇంట్లో పాడుచేసుకోకుండా ఉండాలంటే లెక్క ఇది. నలుగురికి 25 గ్రాముల పొడి, 150 మిల్లీలీటర్ల నీళ్లు. నీళ్లు కాగాక మంట ఆపి అర నిమిషం ఆగండి. పొడి పైన ఫిల్టరుతో వచ్చే రంధ్రాల బిళ్లను ఊరికే ఆనించండి, నొక్కొద్దు. ముందు రెండు మూడు చెంచాల నీళ్లతో పొడి తడిపి, అది ఉబ్బాక మిగతావి పోయండి. 12 నుంచి 15 నిమిషాల్లో 100 మిల్లీలీటర్లు దిగాలి. అయిదు నిమిషాలకే దిగిపోతే పొడి ముతక. అరగంటయినా చుక్కచుక్కగానే పడుతుంటే పొడి మరీ మెత్తన, లేదా బిళ్ల గట్టిగా నొక్కారు, లేదా చికోరీ ఎక్కువై ఉబ్బి రంధ్రాలు మూసింది. ఫిల్టరును తట్టినా, కదిపినా పొడి ఇంకా సర్దుకుని ఇరుక్కుంటుందే గానీ దిగదు. పై భాగం కొద్దిగా లేపి లోపలి ఆవిరి పోనిస్తే చాలాసార్లు మళ్లీ దిగడం మొదలవుతుంది. బోరు నీళ్లయితే వాటిలోని సున్నం డికాషన్ రుచిని చప్పబరుస్తుంది. తాగే నీళ్ల క్యానులోని నీళ్లే వాడండి.

బాలాజీ కాలనీ, ఎస్వీ యూనివర్సిటీ, మహిళా యూనివర్సిటీ వైపు టీదే రాజ్యం. ఫిల్టర్ కాఫీ కోసం అటు ప్రత్యేకంగా వెళ్లాల్సిన పని లేదు.

ఎయిర్ బైపాస్ రోడ్డులో వచ్చిన కఫేల సంగతి వేరు. హోటళ్లలో కాఫీ పడిపోయే ఉదయం 11 నుంచి సాయంత్రం 4 మధ్యనే ఇవి పనికొస్తాయి. ఎస్ప్రెస్సో మెషిన్‌లో ప్రతి కప్పుకూ కొత్త పొడి పడుతుంది, నిలవ డికాషన్ అన్న మాటే లేదు. సరైన షాట్‌కు, అంటే ఒక విడత ఎస్ప్రెస్సోకు, 18 గ్రాముల పొడి వేస్తే 25 నుంచి 30 సెకన్లలో 36 గ్రాముల కాఫీ దిగాలి. ఫోన్‌లో సెకన్లు చూడండి. 15 సెకన్లకే బొళబొళా కారితే పుల్లగా, పలచగా ఉంటుంది. 40 దాటితే మాడిన చేదు. మన ఊళ్లో మే నెల ఎండకూ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పట్టే ఈశాన్య రుతుపవనాల చెమ్మకూ గ్రైండర్ సర్దుబాటు మారుస్తూ ఉండాలి. చాలాచోట్ల మార్చరు, అందుకే నిరుడు వేసవిలో నచ్చిన కఫే వానల్లో నచ్చకపోవచ్చు. పాలు 60 నుంచి 65 డిగ్రీల దగ్గర ఆపాలి. 'బాగా వేడిగా' అని పట్టుబడితే 70 దాటించి తెస్తారు, పాల సహజమైన తీపి పోతుంది. సిరప్‌లు, క్రీమ్ గోపురాలు పక్కన పెట్టి చిన్న కాపుచినో చెప్పండి, అక్కడి పనితనం అందులో తెలుస్తుంది. మేలో అయితే కోల్డ్ బ్రూ, అంటే పొడిని చన్నీళ్లలో గంటలకొద్దీ నానబెట్టి తీసే కాఫీ. శని, ఆదివారాలు సాయంత్రం వద్దు. ఒకే మెషిన్, ఒకే మనిషి మీద ఇరవై ఆర్డర్లు పడితే కొలతలు గాలికి పోతాయి.

చెన్నై వైపు రేణిగుంట, పుత్తూరు, నగరి దారిలోనూ, చంద్రగిరి నుంచి చిత్తూరు వెళ్లే దారిలోనూ ఇత్తడి డబరాల డిగ్రీ కాఫీ (చిక్కటి పాలతో కలిపే ఫిల్టర్ కాఫీ) బోర్డులు వరసగా కనబడతాయి. తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోదే, కాఫీ అలవాటు ఆ సరిహద్దుకు ఇటూ అటూ ఒకటే. బస్సులు ఆగే చోటుకే వెళ్లండి. ఖాళీగా ఉన్న అంగడిలో డబరా ఎంత మెరిసినా డికాషన్ పొద్దుటిదే. ఇత్తడి గ్లాసు చేతికి తీసుకోగానే లోపల చూడండి, తెల్లటి కళాయి పూత ఉండాలి. పూత అరిగి పసుపు ఇత్తడి బయటపడి ఉంటే పాలు, డికాషన్ తగిలి లోహపు రుచి దిగుతుంది, ఒంటికీ మంచిది కాదు. మొహమాటపడకుండా స్టీలు గ్లాసు అడగండి.

కొండకు నడిచి వెళ్లేవాళ్లు అలిపిరి చేరకముందే, ఊళ్లోనే తాగేసి బయల్దేరడం నయం. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. పాలు ఎక్కువైన పెద్ద గ్లాసు తాగి మెట్లెక్కితే కడుపు బరువవుతుంది. హాఫ్ కాఫీ, పాలు తక్కువ అని చెప్పండి.

గదికి పార్సిల్ తెచ్చుకునేవాళ్లు కలిపిన కాఫీని ప్లాస్టిక్ కవరులో కట్టించుకోవద్దు. ఇంటి నుంచి రెండు చిన్న ఫ్లాస్కులు తెచ్చుకుని ఒకదాంట్లో పాలు, ఒకదాంట్లో డికాషన్ పోయించుకోండి. తెల్లవారి రద్దీలో కొత్తగా దిగిన డికాషన్ 100 మిల్లీలీటర్లు, చక్కెర కలపని పాలు 350 మిల్లీలీటర్లు నలుగురికి సరిపోతాయి. పాల ఫ్లాస్కు ముందు వేడినీళ్లతో తొలిపి, రెండు గంటల్లో వాడేయాలి. అంతకన్నా ఆలస్యమైతే పాలు విరిగే ప్రమాదం ఉంది.